ఆత్మ గాడి జాజి సంగీత పథకం

రేవులపాలెం పురపాలక సంఘంలో జనన మరణాల విభాగానికి సీనియర్ అసిస్టెంటు తోట హైమావతి. ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ఆవిడ సంతకం పడేదాకా ఆ సంగతి చట్టం ఒప్పుకోదు. పుట్టినవాళ్ళ తాలూకు జనం పేరులో ఒత్తు తప్పిందని పోట్లాడేవారు. పోయినవాళ్ళ తాలూకు జనం ఆస్తి పంపకాలు ఆగిపోయాయని పోట్లాడేవారు. మధ్యాహ్నం కిటికీ తలుపు మూసి టిఫిన్ డబ్బా తెరిచాక కూడా ఆవిడ చెవుల్లో ఆ అరుపులే తిరుగుతుండేవి. ఆ హోరు అణచడానికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్లో భక్తి పాటలు వింటూ అన్నం తినడం ఆవిడ అలవాటు.

ఒకరోజు భక్తి పాట అయిపోయింది. చేతికి పెరుగన్నం అంటుకుని ఉండడంతో హైమావతి ఫోను ముట్టుకోలేదు. ఫోను తనంతట తానే ఇంకేదో మొదలుపెట్టింది. ముందు ఏదో ప్రకటన అనుకుంది. బరువైన మనిషి ఎవరో తీరిగ్గా మెట్లు దిగుతున్నట్టు లావుపాటి తీగ ఒకటి మోగింది. డ్రమ్ము రావలసిన చోటికి ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా వచ్చింది. ఆలస్యమైనందుకు దానికి ఏమాత్రం కంగారు లేదు. పైన ఒకావిడ గొంతు. మాట ఒక్కటి అర్థమైతే ఒట్టు. కానీ చాలాకాలం కోపంగా ఉండి, ఇవాళే ఎవరినో క్షమించేసి ఇంటికి నడిచొస్తున్న మనిషి గొంతులా ఉంది. అంతలో సాక్సోఫోన్ లేచింది. అది ఒక దారిన వెళ్ళబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, పక్క సందులోకి తిరిగి, ఇక తప్పిపోయిందిరా అనుకునే లోపల మిగతావాళ్ళు నిలబడ్డ చోటికే వచ్చి నవ్వింది.

హైమావతి చేతికి పెరుగు ఎండిపోయింది.

ఫోను మీద రాసి ఉన్నదాన్ని కూడబలుక్కుని చదివితే అది జాజ్ అనీ, ఇప్పటి కాలపు జాజ్ అనీ, అందులో సోల్ అనేదీ గ్రూవ్ అనేదీ కలిశాయనీ తెలిసింది. ఇదివరకు జాజ్ అంటే ఖరీదైన హోటళ్ళలో ఎవరూ వినకుండా సూప్ తాగుతుంటే వెనకాల మోగేది అనుకునేదావిడ. మర్నాడు ఇంకోటి విన్నది. ఆ మర్నాడు ఇంకో రెండు. ఇంట్లో కూరలు తరుగుతూ పెట్టుకుంటే, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారైన ఆవిడ భర్త సూర్యప్రకాశం కాసేపు విని మొహం చిట్లించాడు.

"ఆ డ్రమ్ము కుర్రాడు లేటుగా వస్తున్నాడే. మా స్కూల్లో అయితే గ్రౌండు చుట్టూ పరిగెత్తించేవాణ్ణి."

"అతను లేటుగా రావడంలోనే ఉందండీ అంతా," అంది హైమావతి. ఎందుకలా అందో ఆవిడకే తెలీదు. కానీ ఆ మాట అన్నందుకు రోజంతా సంతోషంగా ఉంది.

కొన్నాళ్ళకి ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకునే కిటికీ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. విచిత్రంగా పోట్లాటలు తగ్గాయి. ఒత్తు తప్పిందని ఊగిపోతూ వచ్చిన మనిషికి ఎదురుగా ఒకావిడ మెల్లగా తల ఊపుతూ చిరునవ్వుతో కనబడేసరికి, తన మాట ఇంత శ్రద్ధగా ఇంతవరకూ ఎవరూ వినలేదనుకుని అతను మెత్తబడేవాడు.

ఈ దృశ్యం కమిషనర్ ఎర్రంశెట్టి భువనమోహన్ గారి కంటబడింది. ఇబ్బందులన్నీ అక్కడే మొదలయ్యాయి.

భువనమోహన్ గారు ఏ ఊరికి బదిలీ అయినా ఒక పథకం పెట్టకుండా కదిలిన మనిషి కాదు. ఇంతకుముందు పనిచేసిన ఊళ్ళో ఉద్యోగులందరూ పొద్దున్నే వరసగా నిలబడి నవ్వాలని ఉత్తర్వు వేశారు. అంతకుముందు ఊళ్ళో ఆరోగ్యం కోసం వరండాల్లో వెనక్కి నడిపించారు. రేవులపాలెం వచ్చి నెల దాటినా ఇంకా ఏమీ తోచక దిగులుగా తిరుగుతున్నారు. అలాంటి సమయంలో, ఆఫీసు మొత్తంలో ఎక్కువ గొడవ జరిగే కిటికీ దగ్గర క్యూ నిశ్శబ్దంగా ఉండడం చూశారు.

"తల ఎందుకు ఊపుతున్నారమ్మా?" అనడిగారు.

హైమావతి గబుక్కున లేచి నిలబడింది. "సారీ సర్. పాట సర్. ఇంకెప్పుడూ పెట్టుకోను సర్."

"ఏ పాట?"

అబద్ధం చెప్పడం చేతకాక ఆవిడ ఇయర్‌ఫోను తుడిచి ఇచ్చింది. కమిషనర్ గారు అది చెవిలో పెట్టుకుని, అరనిమిషం విని, దేవుడు ప్రత్యక్షమైనట్టు పైకి చూశారు.

"ఏమంటారు దీన్ని?"

"జాజ్ అంటారు సర్. ఇది గ్రూవ్ అనీ, సోల్ అనీ..."

"గ్రూవ్!" అన్నారు కమిషనర్ గారు. వెంటనే చాంబర్‌లోకి వెళ్ళిపోయారు.

సాయంత్రం సమావేశానికి ఆఫీసు మేనేజర్ పానకాలరావుని పిలిచారు. పానకాలరావు మంచినీళ్ళు కావాలన్నా "పై విషయమును పురస్కరించుకుని" అని మొదలుపెట్టే మనిషి. నిబంధనలు ఆయనకి కంఠతా వచ్చు. నిబంధన లేని చోట ఆయనకి ఊపిరాడదు. హైమావతి తలుపు దగ్గర నిలబడింది.

"కౌన్సిల్‌కి పెట్టే తీర్మానం తెలుగులో ఉండాలి. ఆ పదాలకి తెలుగేమిటి?" అన్నారు కమిషనర్ గారు.

పానకాలరావు నిఘంటువు తెరిచాడు. "సోల్ అనగా ఆత్మ సర్. గ్రూవ్ అనగా గాడి."

కమిషనర్ గారు కుర్చీలోంచి లేచిపోయారు. "గాడి! మన పాలన గాడి తప్పిందని పత్రికలవాళ్ళు ఎన్నాళ్ళనించి రాస్తున్నారు పానకాలరావుగారూ! ఇదిగో గాడి. ఇన్నాళ్ళూ మన దగ్గర లేదు కనక తప్పింది. మరి జాజ్?"

"నిఘంటువులో లేదు సర్. దానికి సమీపంగా జాజి అని ఉంది. పువ్వు."

"పెట్టండి. సువాసన కూడా వస్తుంది."

"సర్," అంది హైమావతి మెల్లగా, "గ్రూవ్ అంటే ఆ గాడి కాదేమో సర్. వింటుంటే ఒంట్లో ఒక ఊపు వస్తుంది చూడండి..."

"ఊపు అనే పదం ఎన్నికల సమయంలో వాడతారమ్మా," అన్నాడు పానకాలరావు. "ప్రభుత్వ కాగితం మీద బాగుండదు."

అలా ఆత్మ గాడి జాజి సంగీత పథకం పుట్టింది. హైమావతిని దానికి ప్రత్యేకాధికారిగా వేశారు. ఆవిడకి భయం వేసింది. కొంచెం గర్వం కూడా వేసింది. తనకి దొరికిన మంచి వస్తువు నలుగురికీ దొరుకుతుంది కదా అనుకుంది. ఆ రాత్రి ఎవరికి ఏ పాట నచ్చుతుందో ఆలోచిస్తూ పడుకుంది. పన్నుల విభాగంలో చిరచిరలాడే గుమాస్తాకి నెమ్మదిగా సాగేది. ఇంజినీరింగు విభాగానికి డ్రమ్ములు ఎక్కువున్నది.

మొదటి వారంలోనే దేవాదాయ శాఖ నుంచి అభ్యంతరం వచ్చింది. ఆత్మ తమ పరిధిలోని అంశమనీ, పురపాలక సంఘానికి ఆత్మ మీద అధికారం ఎక్కడిదనీ వాళ్ళు అడిగారు. పానకాలరావు చట్టాలన్నీ తిరగేసి జవాబు పంపాడు. ఆత్మ శరీరంలో ఉన్నంతకాలం ఆ శరీరం పురపాలక సంఘం నీళ్ళు తాగుతుంది, రోడ్డు వాడుతుంది, కనక ఆ ఆత్మ పురపాలక సంఘానిదే. బయటికి వెళ్ళిన తర్వాత దేవాదాయ శాఖ తీసుకోవచ్చు. ఈ సరిహద్దు వాళ్ళకీ న్యాయంగానే తోచింది. ఒప్పుకున్నారు.

జాజి అన్న పేరు విని మొక్కలు ఇస్తున్నారేమోనని చాలామంది ఆడవాళ్ళు కుండీలు పట్టుకుని వచ్చారు. వాళ్ళకి సంగీతం వినిపించి పంపేశారు.

తర్వాత ఏ పాటలు వేయాలన్నది తేల్చారు. మాటలున్న పాటలు వద్దన్నాడు పానకాలరావు. అర్థం కాని భాషలో ఏమంటున్నారో, దానికి రేపు బాధ్యులెవరో తెలీదు. మాటలు లేనివాటిలో పెద్దవి వద్దన్నాడు. మధ్యలో భోజన విరామం వస్తే ఎక్కడ ఆపాలన్నది తేలదు. సాక్సోఫోన్ మరీ దిగులుగా వాయించినవి వద్దన్నాడు. ప్రజలు ఆఫీసు పరిస్థితికి అన్వయించుకోవచ్చు. హైమావతి వంద పాటల దాకా తెచ్చింది. చివరికి ఒకే ఒక్క పాట మిగిలింది.

ఆ ఒక్క పాటనే గదిగదికీ పెట్టిన స్పీకర్లలో పొద్దున ఆఫీసు తెరిచినప్పటినుంచి సాయంత్రం మూసేదాకా వేశారు. పాట అయిపోగానే పానకాలరావు గొంతు "మీరు వినుచున్నది ఆత్మ గాడి జాజి సంగీతం. చెత్తను వీధిలో పారవేయకండి" అనేది. మళ్ళీ పాట.

పాట విన్న ఉద్యోగి హైమావతిలాగే తల ఊపాలని ఉత్తర్వు. ఊపకపోతే విననట్టే లెక్క. ఆఫీసంతా తలలు ఊగడం మొదలైంది. తమలో సంగీతం లేదని ఎక్కడ తేలిపోతుందోనని అందరూ అవసరానికి మించి ఊపారు. రెండోవారంలో పన్నుల గుమాస్తా మెడకి పట్టీ వేసుకుని వచ్చాడు. వైద్యుడి కాగితం చూపిస్తే అతనికి కనుబొమలు ఊపే వెసులుబాటు ఇచ్చారు.

అసలు చిక్కు టౌన్‌ప్లానింగ్ విభాగంలో వచ్చింది. ముసలయ్య నాయుడనే బిల్డరు నాలుగో అంతస్తు వేసుకుంటానని ఎప్పటినుంచో తిరుగుతున్నాడు. ఆరోజు ఆఫీసరు ఎదురుగా కూర్చుని మళ్ళీ అడిగాడు. ఆఫీసరు నిబంధన ప్రకారం పాటకి తల ఊపుతున్నాడు. నాయుడు దణ్ణం పెట్టి వెళ్ళి అంతస్తు వేసేశాడు.

"ఎవరిచ్చారయ్యా నీకు పర్మిషను?" అని అరిచారు కమిషనర్ గారు.

"అదేవిటండీ బాబూ, ఆఫీసరుగారే కదండీ తల ఊపారు! నేనడిగితే ఒకసారి కాదు, పది సార్లు ఊపారండి. అంత నిండు మనసుతో నాకు ఎవరూ పర్మిషన్ ఇవ్వలేదండి," అన్నాడు నాయుడు. నిజంగానే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

న్యాయ సలహా తీసుకున్నారు. పని గంటల్లో అధికారి ఊపిన తల అంగీకారమే అవుతుందని సలహా వచ్చింది. అందుకని పైకీ కిందకీ కాకుండా పక్కలకి ఊపండని ఉత్తర్వు మార్చారు. మన ప్రాంతంలో పక్కలకి ఊపినా సరేననే అర్థం కాబట్టి, ఆ వారంలో ఊరికి ఇంకో ఆరు అంతస్తులు లేచాయి. చివరికి తలలు ఆపించి, బల్లల కింద పాదాలతో తాళం వేయమన్నారు. వేస్తున్నారో లేదో చూడడానికి పానకాలరావు రోజుకి రెండుసార్లు వంగుని అన్ని బల్లల కిందా చూసి వచ్చేవాడు. హైమావతి కాళ్ళ వైపు చూసినప్పుడు మాత్రం "క్షమించాలమ్మా, విధి నిర్వహణ" అనేవాడు.

హైమావతి కాళ్ళు కదలడం లేదు.

ఆవిడకి ఏమైందో ఆవిడకే అర్థం కాలేదు. ముందు ఆ ఒక్క పాట మీద విసుగు వచ్చింది. తర్వాత ఇంటికెళ్ళి వేరేవి పెట్టుకుంటే, వాటి చివర కూడా "చెత్తను వీధిలో పారవేయకండి" అని వినబడుతున్నట్టే ఉండేది. ఒంట్లో ఎక్కడో కదిలేది ఇప్పుడు కదలడం మానేసింది. ఇదివరకు పోట్లాటల హోరు మీద పాట పెట్టుకుంటే హోరు పోయేది. ఇప్పుడు పాటే హోరు. వంటింట్లో నిశ్శబ్దంగా కూరలు తరుగుతుంటే సూర్యప్రకాశం వచ్చి నిలబడ్డాడు.

"ఏం, ఆ లేటు కుర్రాడు ఇవాళ రాలేదా?"

"రావట్లేదండీ," అంది. కళ్ళలో నీళ్ళు ఉల్లిపాయల వల్ల కాదని ఆయనకి అర్థమైంది. కత్తిపీట తీసుకుని మిగతావి తనే తరిగాడు.

హైమావతి పాదాలు కదలడం లేదని పానకాలరావు నివేదించాడు. ఆవిడకి తాఖీదు వచ్చింది. "పథకమునకు మూలకారకులై ఉండియు తామే ఆత్మ లేకుండా విధులు నిర్వర్తించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఆత్మరాహిత్యమునకు మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను." ఒకవేళ రుజువైతే సస్పెన్షన్.

ఇంతలో కమిషనర్ గారు జాజ్ గురించి ఎక్కడో చదివి, అందులో కళాకారులు అప్పటికప్పుడు కల్పించి వాయిస్తారని తెలుసుకున్నారు. రాజధాని నుంచి పురపాలక శాఖ డైరెక్టరు జనార్దన్ గారు పథకం చూడ్డానికి వస్తున్నారు. ఆయన ముందు సొంత బృందం చేత కల్పన చేయించాలని నిశ్చయించారు. ఊళ్ళో సాక్సోఫోన్ ఉన్నది ఒక్క న్యూస్టార్ బ్రాస్ బ్యాండు మాస్టరు షేక్ మస్తాన్ దగ్గరే. పెళ్ళి ఊరేగింపుల్లో ఎర్రకోటు, బంగారు జలతారు, తలకి కుచ్చు టోపీతో గుర్రం కంటే ముందు నడిచే మనిషి.

"నాకు రాని సంగీతం లేదమ్మగారూ," అన్నాడు మస్తాన్ హైమావతితో. "నాకు రాలేదంటే అది సంగీతం కాదన్నమాట."

హైమావతి ఒక పాట వినిపించింది. మస్తాన్ టోపీ తీయకుండానే విన్నాడు. మధ్యలో టోపీ తీశాడు.

"మళ్ళీ పెట్టండమ్మా," అన్నాడు. మళ్ళీ విన్నాక, "పర్లేదు, బాగానే వాయిస్తున్నాడు. కొంచెం నా పద్ధతే," అన్నాడు.

రోజూ వచ్చి వినేవాడు. తన డ్రమ్ముల వాడికి ఆలస్యంగా కొట్టడం నేర్పడానికి వారం పట్టింది. పెళ్ళిళ్ళలో తొందరపెట్టి తొందరపెట్టి అతని చేతులు ఆగడం మరిచిపోయాయి.

తర్వాత కల్పన సంగతి పానకాలరావు దగ్గరికి వచ్చింది.

"అప్పటికప్పుడు అనగా ముందస్తు అనుమతి లేకుండానా?" ఆయన మొహం పాలిపోయింది. "వీలుపడదు. ఏమి కల్పించదలచుకున్నదీ వారం రోజుల ముందుగా మూడు ప్రతుల్లో సమర్పించాలి."

"ఏం వాయిస్తానో నాకప్పుడు తెలవదు గదండీ," అన్నాడు మస్తాన్.

"తెలియని దానికి అనుమతి ఎలా ఇస్తామయ్యా? ఇంచుమించుగా రాయి."

మస్తాన్ చాలాసేపు ఆలోచించి రాశాడు. "మొదట మెల్లగా. ఆ పైన దేవుడి దయ."

పానకాలరావు కళ్ళజోడు సర్దుకున్నాడు. "రెండో వాక్యం దేవాదాయ శాఖకి పంపాలి."

కాలం చాలదు కనక పంపలేదు. దేవుడి దయ కొట్టేసి కమిషనర్ గారి దయ అని దిద్ది, ముద్ర వేసి ఆమోదించారు.

డైరెక్టరు జనార్దన్ గారు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ సన్నటి మనిషి. మొహంలో చిన్న కదలిక కూడా లేకుండా, అలసిపోయి కారు దిగారు. టౌన్‌హాల్లో సభ. ఆయనకి సమయం తక్కువని రెండు కార్యక్రమాలు కలిపేశారు. మస్తాన్ బృందం వాయిస్తుంటే పక్కనే మైకులో పానకాలరావు పట్టణం కోర్కెలు చదవాలి. ప్రత్యేకాధికారిగా హైమావతి సభ మినిట్స్ రాయాలి. ఆవిడ విచారణ మర్నాడే. అదే ఆవిడ రాసే ఆఖరి మినిట్స్ కావచ్చని అందరికీ తెలుసు. కొలీగులు జాలిగా చూశారు. ఆవిడ కలం మూత తీసి తలవంచుకుని కూర్చుంది.

మస్తాన్ ఆమోదం పొందినట్టే మెల్లగా మొదలుపెట్టాడు. డ్రమ్ము వెంట్రుకవాసి ఆలస్యంగా పడింది. పానకాలరావు చదివాడు. "ఒకటి. మంచినీటి ట్యాంకు."

ఆ తర్వాత ఏం జరిగిందో మస్తాన్ కూడా సరిగ్గా చెప్పలేడు. ఆమోదించిన చోటు దాటిపోయాడు. సాక్సోఫోన్ పెళ్ళికూతురి అప్పగింతల దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆగకుండా, ఇళ్ళ వెనకనుంచి తిరిగి, ఏదో పాత సంగతికి నవ్వి, ఎవరూ లేని వీధిలో నిలబడిపోయింది. డ్రమ్ముల వాడు కంగారుగా చూశాడు. మస్తాన్ కళ్ళు మూసుకున్నాడు. సాక్సోఫోన్ మెల్లగా వెనక్కి నడిచొచ్చి తాళం మీద చెయ్యి వేసింది.

హైమావతి ఒంట్లో ఎక్కడో కదిలింది. చూస్తే తన తల ఊగుతోంది. ఎవరూ ఊపమనలేదు. అసలు తలలు ఊపడం రద్దయిపోయింది కూడా.

వేదిక మీద డైరెక్టరు గారు కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎన్నో ఏళ్ళుగా సమీక్షా సమావేశాల్లో బిగుసుకుపోయిన ఆయన మెడ వదులైంది. ఆయన తల ఊపారు.

పానకాలరావు అది చూశాడు. పని గంటల్లో అధికారి ఊపిన తల అంగీకారమే అన్న న్యాయ సలహా ఆయనకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"రెండు. కాలవ మీద వంతెన," అన్నాడు. డైరెక్టరు గారు ఊపారు. "మూడు. వైద్య కళాశాల." ఊపారు. పానకాలరావు కాగితం తిరగేసి చూశాడు. కాగితంలో ఉన్నవి అయిపోయాయి. జీవితంలో మొట్టమొదటిసారిగా ఆయన కాగితంలో లేనిది మాట్లాడాడు. "నాలుగు. విమానాశ్రయం." ఊపారు. "ఐదు. ఓడరేవు. సముద్రం ఇటు జరిపించుట సహా." సాక్సోఫోన్ పైకి లేచింది. "ఆరు. మేనేజర్ పానకాలరావుకి పదోన్నతి." డైరెక్టరు గారు రెండుసార్లు ఊపారు. "ఏడు. రాష్ట్ర రాజధానిని రేవులపాలెమునకు తరలించుట."

మస్తాన్ చివరి స్వరం దాకా డైరెక్టరు గారు ఊపుతూనే ఉన్నారు. హైమావతి జరిగింది జరిగినట్టు రాసింది. ఊపిన తల ఊపలేదని రాయడం ఆవిడకి చేతకాదు.

డైరెక్టరు గారు కళ్ళు తెరిచి, మస్తాన్ చేతులు రెండూ పట్టుకుని, ఆ తర్వాత కారెక్కి వెళ్ళిపోయారు. వారం తర్వాత మినిట్స్ సచివాలయం చేరాయి. రాజధాని తరలింపు ఎప్పుడు మొదలుపెడతారని ఎవరో శాసనసభ్యుడు అడిగాడట. తాను ఊపిన తల సంగీత సంబంధమైనదే తప్ప పాలనా సంబంధమైనది కాదని డైరెక్టరు గారు సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. ఆత్మ గాడి జాజి సంగీత పథకం రద్దు. పురపాలక సంఘ కార్యాలయాల్లో జాజి సంగీతం వినుట, వినిపించుట, దానికి శరీరములోని ఏ భాగమునైనను కదలించుట నిషేధం.

భువనమోహన్ గారిని పట్టుపరిశ్రమ శాఖకి బదిలీ చేశారు. అక్కడ పురుగులకి ధ్యానం నేర్పిస్తున్నారని విన్నాం. మస్తాన్ మళ్ళీ పెళ్ళిళ్ళు వాయిస్తున్నాడు. ఊరేగింపు మధ్యలో ఉన్నట్టుండి ఎక్కడికో వెళ్ళిపోతున్నాడనీ, గుర్రం కూడా ఆగిపోతోందనీ ఆడపెళ్ళివారి ఫిర్యాదులు వస్తున్నాయి. ముసలయ్య నాయుడి అంతస్తు మాత్రం చెక్కుచెదరలేదు.

వాయిదా పడ్డ హైమావతి విచారణ ఆ ఉత్తర్వు వచ్చాక జరిగింది. పానకాలరావే విచారణాధికారి. ఆయన పక్కా న్యాయంగా నడిపించాడు. పథకం రద్దు చేసి, ఉద్యోగికి ఆత్మ అవసరం లేదని ప్రభుత్వమే తేల్చినందున ఆత్మరాహిత్యమనే అభియోగం నిలవదని రాసి కొట్టేశాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ సెలవు చీటీ పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది. విశాఖపట్నానికి ఒక బృందం వస్తోంది. ఆ మొదటి రోజు పెరుగన్నం తింటూ విన్న బృందం కాదు గానీ, ఆ తరహావాళ్ళే.

పానకాలరావు చీటీ చదివి తల పట్టుకున్నాడు. "జాజ్ వినుటకు అని రాస్తే ఎలాగమ్మా? నిషేధం ఉంది. మంజూరు చేస్తే నా మెడకి చుట్టుకుంటుంది." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "దగ్గరి బంధువుని చూచుటకు అని రాయండి."

హైమావతి కాసేపు ఆలోచించి రాసింది. అబద్ధం రాసినట్టు ఆవిడకి అనిపించలేదు.

సూర్యప్రకాశం రైలెక్కించాడు. ఒక్కతే ప్రయాణం చేయడం ఆవిడకి అదే మొదలు. హాలు చల్లగా ఉంది. టికెట్టు చూపించి మూడో వరసలో కూర్చుంది. చుట్టూ జాజ్ తెలిసిన పెద్దమనుషులు, ఆడవాళ్ళు, నల్లబట్టల్లో చేతులు కట్టుకుని, పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళలా కూర్చున్నారు. దీపాలు తగ్గాయి. బరువైన మనిషి మెట్లు దిగుతున్నట్టు లావు తీగ మోగింది. స్పీకర్లోంచి కాదు, ఎదురుగా ఒక అమ్మాయి వేళ్ళలోంచి. డ్రమ్ముల అబ్బాయి నవ్వుతూ, కావాలనే, ఒక వెంట్రుకవాసి ఆగి కొట్టాడు.

హైమావతి తల ఊగింది. భుజాలు ఊగాయి. ముందు సీటు పట్టుకున్న చేతివేళ్ళు ఆడాయి.

పక్క సీట్లో తెల్లగడ్డం పెద్దమనిషి ఆవిడ వైపు వంగాడు. "అమ్మా, కాస్త కదలకుండా కూర్చోండి. ఇది జాజ్. సీరియస్‌గా వినాలి."

ఆయన చాలా హోదాగల మనిషిలా ఉన్నాడు. అలాంటి గొంతు వినబడితే లేచి నిలబడి సారీ సర్ అనడం హైమావతికి సర్వీసులో చేరిన రోజునుంచీ ఉన్న అలవాటు. పెదవుల దాకా వచ్చింది కూడా.

అంతలో సాక్సోఫోన్ లేచింది. ఆయనకేం జవాబు చెప్పాలో ఆవిడ మరిచిపోయింది.